1942, ట్రాండ్‌హైమ్: భర్త క్విస్లింగ్ పార్టీలో, భార్య బడిలో. నాటికకు వివరాలు కావాలి

ప్రశ్న – తెరవెనుక

అందరికీ నమస్కారం. పరిషత్తు పోటీకి ఒక నాటిక రాస్తున్నాను. జర్మన్లు నార్వేని ఆక్రమించుకున్న రోజుల కథ. ఊరు ట్రాండ్‌హైమ్, 1942 ఫిబ్రవరిలో మొదలవుతుంది. మూడే పాత్రలు, ఒకటే సెట్టు. అది వాళ్ల వంటగది.

భర్త మునిసిపల్ ఆఫీసులో గుమస్తా. 1940 చివర్లో, జర్మన్లతో చేతులు కలిపిన క్విస్లింగ్ పార్టీలో, అంటే నాషనాల్ సామ్లింగ్‌లో (ఎన్ఎస్) చేరాడు. ఉద్యోగం ఊడుతుందన్న భయమే గానీ సిద్ధాంతం మీద మోజేమీ లేదు. భార్య ప్రాథమిక పాఠశాల టీచరు. ఆమె చేరలేదు. పైగా లండన్ రేడియో వార్తలు రాసిన రహస్య కరపత్రాలు చేతులు మారుస్తుంటుంది. పద్నాలుగేళ్ల కొడుకున్నాడు.

నాకు కావలసినవి: ఇలాంటి ఇళ్లు నిజంగా ఉండేవా? ఒకే ఇంట్లో ఉంటూ ఆమె ఈ పని ఎలా చేయగలదు, అతనికి ఎక్కడ దొరికిపోతుంది? విడాకులు తీసుకునే వీలుండేదా? యుద్ధం అయ్యాక ఇద్దరికీ ఏమవుతుంది? మా దర్శకుడు చివర్లో భర్తే ఆమెను గెస్టపోకి (జర్మన్ రహస్య పోలీసులకు) పట్టించాలంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఎందుకు ఒప్పడం లేదో చెప్పలేకపోతున్నాను.

పాతకాగితం

తెరవెనుక గారూ, మీరు పట్టుకున్న నెల భలే నెల. దాని బలం మీరింకా వాడుకున్నట్టు లేదు.

1942 ఫిబ్రవరి 1న క్విస్లింగ్‌ని మంత్రి-అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. పైన అసలు పెత్తనం జర్మన్ కమిషనర్ టెర్బోవెన్‌దే. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 5న, రెండు చట్టాలొచ్చాయి. ఒకటి: టీచర్లందరూ కొత్త ఉపాధ్యాయ సంఘంలో సభ్యులైనట్టే, దానికి నాయకుడు హిర్డ్ అనే పార్టీ దళం నడిపిన ఓర్వర్ సేథర్. రెండు: పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలందరూ ఎన్ఎస్ యువజన దళంలో సేవ చేయాలి. ఇప్పుడు మీ వంటగది చూడండి. మొదటి చట్టం భార్య మెడకు, రెండోది కొడుకు మెడకు. రెండూ తెచ్చింది భర్త పార్టీ. కరపత్రాలు లేకపోయినా మీ నాటిక నడుస్తుంది.

టీచర్లు ఏం చేశారో వివరంగా చెబుతాను, రంగస్థలానికి పనికొస్తుంది. సభలు లేవు, ఊరేగింపులు లేవు. అందరికీ ఒకే చిన్న పాఠం చేతులు మారి అందింది: యువజన దళం పద్ధతుల్లో పిల్లల్ని పెంచడంలో పాలుపంచుకోలేను, కొత్త సంఘంలో సభ్యుణ్ని అనుకోవడం లేదు, అని. ఎవరికి వాళ్లు రాసి, సంతకం చేసి, ఫిబ్రవరి 20న పోస్టులో వేశారు. దేశంలో టీచర్లు సుమారు 14,000 మంది, ఉత్తరాలు వేసినవాళ్లు సుమారు 12,000. అందరిదీ ఒకే పాఠం, ఒకే తేదీ. ఎవరినీ ‘నాయకుడు’ అని వేలెత్తి చూపే వీల్లేదు.

సర్కారు ‘ఇంధనం కొరత’ అని చెప్పి నెల రోజులు బళ్లు మూసేసింది. పిల్లలు ఇంట్లో, టీచరమ్మ ఇంట్లో. ఇంధనం లేదన్నది అబద్ధమని అందరికీ తెలుసు. కట్టెలిస్తామని జనం ముందుకొచ్చారు కూడా. ఈ నెల రోజుల్లోనే తల్లిదండ్రుల ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక్కటే వాక్యం: మా బిడ్డ యువజన దళంలో పాల్గొనడం నాకిష్టం లేదు, అది నా అంతరాత్మకు విరుద్ధం, అన్న అర్థంతో. కింద పేరు, చిరునామా, సంతకం. ఓస్లోలో చర్చి-విద్యాశాఖకు అలాంటివి రెండు లక్షలకు పైగా వచ్చాయని లెక్క. దేశ జనాభా అప్పుడు 30 లక్షలు.

మీ నాటికకు అసలు ఘట్టం ఈ ఉత్తరమే అని నా అభిప్రాయం. ఆమె టీచరుగా రాసింది ఆమె ఉద్యోగం సంగతి, భర్త చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు. తల్లిగా రాసే ఉత్తరం మీద ఉండేది మాత్రం అతని ఇంటిపేరు, అతని చిరునామా. ఎన్ఎస్ సభ్యుడి ఇంటినుంచి అదే పార్టీ మంత్రికి ‘ఒప్పుకోను’ అని వెళ్తుంది. మంత్రి పేరు రాగ్నార్ స్కాంకె, ఇతన్ని 1948లో కాల్చారు. అడ్డుకోవాలంటే భర్త ఏం చేయాలి? పోస్టు చేయకుండా ఆపాలి. లేదా నేనూ తండ్రినే, నాకు అభ్యంతరం లేదు అని ఇంకో ఉత్తరం రాయాలి. రెండూ ఘోరమే, రెండూ వంటగదిలోనే జరిగిపోతాయి. గెస్టపో తలుపు తట్టనక్కర్లేదు.

ఒక సవరణ. మార్చి 20 నుంచి టీచర్లను అరెస్టు చేశారు, సుమారు 1,100 మంది. వాళ్లు మగ టీచర్లు. కాబట్టి మీ కథానాయికను ఆ అరెస్టుల్లో కలపకండి. ఆమె జీతం ఆగుతుంది, తోటి మాస్టార్లు వెళ్లిపోతారు, తను మిగులుతుంది. వాళ్లను లిల్లెహామర్ దగ్గరి యోర్స్టాడ్‌మోన్ శిబిరంలో పెట్టి, మంచులో పాకించి, లొంగదీయాలని చూశారు. లొంగనివాళ్లలో సుమారు 500 మందిని ఏప్రిల్‌లో ‘షెర్స్టాడ్’ అనే స్టీమరెక్కించి ఉత్తర కొసన ఉన్న కిర్కెనెస్‌కి తోలారు. ఆ ఓడ బయల్దేరింది మీ ట్రాండ్‌హైమ్ రేవు నుంచే. చివరివాళ్లు ఇళ్లకు చేరేసరికి నవంబరు.

అరెస్టయినవాళ్ల భార్యలకు జీతం డబ్బు రహస్యంగా అందేది. కుటుంబం ఆకలికి తట్టుకోలేక, ‘సంతకం పెట్టేసి వచ్చెయ్యండి’ అని భార్యలే ఒత్తిడి చేస్తారని సర్కారు లెక్కేసుకుంది. ఆ లెక్క తప్పడానికి సగం కారణం ఈ డబ్బే. ఇక్కడ మీకొక మెలిక: ఎన్ఎస్ మనిషి పెళ్లానికి ఆ డబ్బు తెచ్చిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? ఆమెకు జీతమూ రాదు, సాయమూ రాదు. భర్త జీతం మీదే తినాలి.

వాల్వుసెట్టు

రేడియో సంగతి నేను చెబుతాను. ఇందులో చాలామంది తప్పులో కాలేస్తారు. అందరిలా మీరూ అటకమీద దాచిన రేడియో పెట్టబోతున్నట్టున్నారు. మీ ఇంటికి అది అక్కర్లేదు.

1941 శరత్కాలంలో దేశమంతటా రేడియోలు స్వాధీనం చేసుకున్నారు. మినహాయింపు ఎన్ఎస్ సభ్యులకు. అంటే ఆ వీధిలో చట్టప్రకారం రేడియో ఉన్న ఇల్లు మీ హీరోయిన్‌దే! బల్లమీద, బాహాటంగా. అయితే లండన్ వినడం వాళ్లకూ నిషేధమే.

కాబట్టి ఆమె పని: భర్త పార్టీ మీటింగుకి వెళ్లిన సాయంత్రం అదే సెట్టులో బీబీసీ నార్వేజియన్ వార్తలు వినడం. ఎక్కడ దొరుకుతుందో వరసగా చెబుతాను.

ముల్లు. అప్పటి సెట్లలో గాజుపలక మీద స్టేషన్ల పేర్లు అచ్చేసి ఉండేవి. ముల్లు ఓస్లో మీద నుంచి కదిపితే మళ్లీ సరిగ్గా అక్కడికే తేవాలి. బ్యాండు మీట కూడా ఉంటుంది. ముల్లు వెనక్కి తెచ్చి మీట మర్చిపోవడం చాలా సహజమైన పొరపాటు.

వేడి. అవి వాల్వు సెట్లు. స్విచ్చి వేశాక అర నిమిషం దాకా పలకవు, కట్టేశాక కూడా చెక్కపెట్టె వెనకభాగం చాలాసేపు వెచ్చగా ఉంటుంది. భర్త కోటు విప్పుతూ మామూలుగా పెట్టెమీద చెయ్యి ఆనిస్తే చాలు, తెలిసిపోతుంది. ఒక్క మాట లేకుండా రంగస్థలం మీద చూపించొచ్చు. శబ్దాన్ని మించి ఇదే ప్రమాదం.

శబ్దం. జర్మన్లు లండన్ ప్రసారాల మీద రొద పెట్టేవాళ్లు. రొద వెనక మాట వినాలంటే గొంతు పెంచాలి, పెంచితే పక్కింటికి ఆ రొదే చాడీ చెబుతుంది. చెవి స్పీకరు గుడ్డకు ఆనించి విన్నట్టు చూపండి.

విన్నదాన్ని కాగితం మీద పెట్టడం ఇంకో పని. మైనపు స్టెన్సిల్ మీద టైపు చేసి రోనియో యంత్రంలో తీస్తే వందల్లో వస్తాయి, కానీ యంత్రం, సిరా, కాగితం మూడూ కావాలి. బళ్లో యంత్రం ఉంటుందనుకున్నా బళ్లు మూసేశారు కదా, తాళం ఎవరిదగ్గరుంది? ఇంట్లో అయితే పల్చటి కాగితాలకు మధ్య కార్బన్లు పెట్టి ఒక్కసారికి ఐదారు కాపీలు. ఆరోది చదవడం కష్టం. టైపు మిషను చప్పుడు చెక్క ఇళ్లలో కింది అంతస్తుకి దిగుతుంది, కింద మడతపెట్టిన దుప్పటి వేయాలి. ఇక వాడేసిన కార్బను కాగితం: వెలుతురుకి పెడితే ప్రతి అక్షరం కనబడుతుంది. కరపత్రాలు జాగ్రత్తగా కాల్చి కార్బను మర్చిపోవడం... మీకు ఇలాంటి పొరపాటే కావాలనుకుంటాను.

శిక్ష సంగతి. 1942 అక్టోబరు 12న వచ్చిన ఆజ్ఞతో పరాయి రేడియో వినడానికి, వార్తలు పంచడానికి, దేశం దాటబోవడానికి మరణశిక్ష దాకా వేసే వీలొచ్చింది. మీ కథ ఫిబ్రవరిలో జరుగుతోంది కాబట్టి అప్పటికి ప్రమాదం వొల్లాన్ జైలు, అక్కణ్నుంచి ఊరికి ఉత్తరాన ఉన్న ఫాల్‌స్టాడ్ శిబిరం. ‘నన్ను కాల్చేస్తారు’ అని ఆమె చేత అనిపించకండి, ఎనిమిది నెలలు ముందైపోతుంది.

గోదారిగట్టు

విషయం బాగుంది గానీ, మన ప్రేక్షకులకి నార్వే ఎందుకండీ? అండమాన్‌లో 1942 మార్చి నుంచి 1945 దాకా జపాన్ వాళ్లున్నారు. అక్కడ పెట్టండి, చీరలు కట్టించొచ్చు, ఖర్చు కలిసొస్తుంది. దర్శకుడు చెప్పిన గెస్టపో ముగింపు కూడా ఉంచండి. చప్పట్లు దానికే పడతాయి.

ఉత్తరపుగాలి

గోదారిగట్టు గారూ, అండమాన్ కథ అండమాన్‌దే. అక్కడ టీచర్ల ఉత్తరాలు లేవు, పార్టీ సభ్యత్వం లేదు, రేడియో మినహాయింపు లేదు. చీరల కోసం కథను ఓడెక్కిస్తే మిగిలేది చీరలే.

తెరవెనుక గారూ, మీ మనసెందుకు ఒప్పడం లేదో చెబుతాను. భర్త పట్టిస్తే అతను కూడా మునుగుతాడు. ఇంట్లో రేడియో అతని సభ్యత్వం మీద ఉంచుకున్నది. కాగితం అతని బల్లమీద టైపయింది. ‘ఇన్నాళ్లూ నీకు తెలీదా?’ అన్నది గెస్టపో వేసే మొదటి ప్రశ్న. ఉద్యోగం పోతుందన్న భయంతో పార్టీలో చేరినవాడు అంతకన్నా పెద్ద భయంలోకి తనంతట తాను నడవడు. నోరు మూసుకుంటాడు. ఆ మౌనమే వాళ్లిద్దర్నీ కట్టిపడేస్తుంది. ఆమె గుట్టు అతని చేతిలో ఉంది, ఆ గుట్టు దాచిన నేరం అతని మెడకుంది.

అసలు పట్టించేవాళ్లు వేరే ఉన్నారు, అదీ మీ ఊళ్లోనే. హెన్రీ రిన్నాన్ ముఠా ట్రాండ్‌హైమ్ కేంద్రంగా పనిచేసింది. వీళ్లు ప్రతిఘటన మనుషుల్లా నటించి, నమ్మించి, వివరాలు లాగి, గెస్టపోకి అందించేవాళ్లు. అవతలివాడు తాను దేశభక్తుడితో మాట్లాడుతున్నాననే అనుకునేవాడు. రిన్నాన్‌ని 1947 ఫిబ్రవరిలో కాల్చారు. మీ కథానాయికను పట్టించడానికి ఎవరైనా కావాలంటే, ‘మీ ఆయన ఎన్ఎస్ కదా, మీ బాధ నాకు తెలుసు’ అంటూ జాలిగా మాట్లాడే అపరిచితుణ్ని ప్రస్తావించండి. రంగం మీదికి రానక్కర్లేదు.

ఇంకో పెద్ద చిక్కు మీరు వదిలేశారు. ఆమెకు కరపత్రాలు ఎవరిస్తారు? నార్వేలో జనం ఎన్ఎస్ వాళ్లను వెలివేశారు. తిట్టడం, కొట్టడం కాదు, పలకరించకపోవడం. ట్రాములో పక్కన కూర్చోరు. జర్మన్ల పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడుతుంటే, ఓస్లో ట్రాముల్లో అలా నిలబడడాన్నే నిషేధించాల్సొచ్చింది. కొట్లో ఆమె అడుగుపెడితే మాటలాగిపోతాయి. కొడుకుతో బళ్లో ఎవరూ ఆడరు. వీధి లెక్కలో మొగుడూ పెళ్లాం ఒకటే పద్దు. ఆమె కోటుకి కాగితం క్లిప్పు పెట్టుకున్నా నమ్మరు. ‘మనం కలిసే ఉన్నాం’ అనడానికి 1940లో పెట్టుకున్న గుర్తది. తర్వాత ఎర్ర అల్లిక టోపీలు వచ్చాయి, 1942 ఫిబ్రవరి చివర్లో వాటినీ నిషేధించారు.

కాబట్టి ఆమె గొలుసులో మధ్య లంకె కాలేదు. మొదటి లంకె కాగలదు: వార్త తనే విని, తనే రాసి, తన పేరు తెలియకుండా ఒక చోట వదిలి రావడం. తీసుకునేవాళ్లకు రాసిందెవరో తెలీదు. తెలిస్తే ముట్టుకోరు. ఏడాదిగా ఆమెతో మాట్లాడని పక్కింటావిడ ఆమె రాసిన వార్తలే చదువుతుంటుంది.

ప్రతిఘటనలో అందరికీ వర్తించిన నియమం ఒకటి గుర్తుంచుకోండి: తెలియనిది చిత్రహింసలో కూడా చెప్పలేం. ఇద్దరూ ఒకే పక్షాన ఉన్న ఇళ్లలో కూడా భర్త చేసేది భార్యకు, భార్య చేసేది భర్తకు చెప్పుకునేవాళ్లు కాదు. ‘నాకు చెప్పలేదు’ అంటే ‘నన్ను నమ్మలేదు’ అని కాదు అక్కడ. మీ నాటికలో భర్త ఎప్పుడైనా ‘నాకేం చెప్పకు’ అంటే, ఆ మాటను ద్రోహిగానూ చదువుకోవచ్చు, మొగుడిగానూ చదువుకోవచ్చు.

కథను అక్టోబరు దాకా లాగగలిగితే లాగండి. 1942 అక్టోబరు 6న టెర్బోవెన్ ట్రాండ్‌హైమ్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే 34 మందిని కాల్చారు. అందులో పదిమంది ఏ నేరమూ మోపకుండా, ‘ప్రాయశ్చిత్తం’ పేరుతో ఏరిన ఊరి పెద్దలు. వాళ్లలో ఒకాయన హెన్రీ గ్లెడిచ్, ఆ ఊరి నాటకశాల డైరెక్టరు. పరిషత్తు నాటిక రాస్తున్నవాళ్లకు ఈ పేరు తెలియాలి.

తెరవెనుక

చాలా చాలా కృతజ్ఞతలు. రేడియో పెట్టె వేడి, తల్లి ఉత్తరం, రెండూ తీసుకుంటున్నాను. గెస్టపో ముగింపు తీసేశానని దర్శకుడికి చెప్పాను, కోపంగా ఉన్నాడు.

ఇంకా రెండు. విడాకులు? తిండి? వంటగది సెట్టు కాబట్టి బల్లమీద ఏముందో నాకు తెలియాలి.

సరుకులకార్డు

తిండి నేను చెబుతాను. 1942కల్లా కాఫీ లేదు, వేయించిన ధాన్యపు గింజల పొడి కాచుకుని దాన్నే కాఫీ అన్నారు. రొట్టె, చక్కెర, వెన్న, పాలు, మాంసం కార్డు మీదే. ఆ ఏడాది బంగాళాదుంపలు కూడా కార్డులోకెక్కాయి. తీరంలో ఉన్న ఊరు కాబట్టి చేపలు దొరుకుతాయి, కానీ గంటలకొద్దీ వరస. కొత్త బూట్లంటే చేపతోలు పైభాగం, చెక్క అడుగు. నేలమీద చప్పుడు చేస్తాయి, సెట్టులో వాడుకోండి.

కార్డు మనిషికొకటి. ఇల్లంతటికీ ఒకటి కాదు. దాక్కున్నవాడికి కార్డుండదు, కాబట్టి ఎవరినైనా దాచిన ఇల్లు బయటపడేది తిండి దగ్గరే. ముగ్గురి రొట్టె నలుగురు తింటే వారం చివర గిన్నె ఖాళీ. వండే మనిషికి తెలియకుండా దాచడం కుదరదు. వండే మనిషే దాస్తే తినే మనిషికి తెలుస్తుంది. అతను తన ముక్క మౌనంగా తగ్గించుకుంటే అదొక రకం సంభాషణ.

మీ భర్త పాత్రను మునిసిపాలిటీలో ఏ విభాగంలో పెట్టారో రాయలేదు. సరుకుల కార్డులిచ్చే స్థానిక సరఫరా మండలిలో పెట్టండి. కథకు బలం వస్తుంది. 1944లో సర్కారు కార్మిక సేవకు పేరు నమోదు చేసుకోని కుర్రాళ్లకు కార్డులు ఇచ్చేది లేదని బెదిరించింది. 1921, 22, 23ల్లో పుట్టినవాళ్లు వేలకొద్దీ అడవుల్లోకి పోయారు. ఆగస్టు 9న ఓస్లోలో ప్రతిఘటన మనిషి గున్నార్ సోన్స్టెబీ బృందం కార్డుల లారీని దారిమళ్లించి సుమారు 75,000 కార్డులు ఎత్తుకెళ్లింది. సర్కారు దిగొచ్చింది. దీన్నిబట్టి తెలుస్తుంది కార్డులిచ్చే గుమస్తా కుర్చీ ఎంత విలువైనదో. రెండు పక్షాలకీ అతను కావాలి.

పాతకాగితం

విడాకుల చట్టం గురించి: నార్వేలో 1909 నుంచే పరస్పర అంగీకారంతో విడిపోయే వీలుంది. ముందు వేర్పాటు, ఏడాది తర్వాత విడాకులు. మతపరంగా మనం ఊహించుకునేంత అడ్డంకి లేదు. అడ్డంకి ఇల్లు. ట్రాండ్‌హైమ్ జర్మన్ నౌకాదళ స్థావరం, జలాంతర్గాములకు డోరా అనే కాంక్రీటు బంకరు కడుతున్నారు. ఊరునిండా సైనికులే, బడులు, ఇళ్లు వాళ్ల స్వాధీనంలో ఉన్నాయి. జీతమాగిన టీచరు కొడుకుతో ఎక్కడికి పోతుంది? పుట్టింటికి. పుట్టింటివాళ్లు ‘ఇన్నాళ్లకా’ అంటారు.

ఇంకో మాట. ‘విడాకులు తీసుకోవచ్చు’ అన్న వాక్యం అదే ఊళ్లో, అదే ఏడాది, ఇంకో ఇంట్లో ప్రాణం తీసేది. 1942 శరత్కాలంలో యూదు మగవాళ్లను అరెస్టు చేశారు. ట్రాండ్‌హైమ్‌లో ఆ అత్యవసర పరిస్థితి రోజుల్లోనే మొదలైంది, దేశమంతటా అక్టోబరు 26న. నవంబరు 26న ‘డోనావ్’ ఓడ 500 మందికి పైగా జనంతో ఓస్లో నుంచి బయల్దేరింది, వాళ్ల గమ్యం ఆష్విట్స్ మరణ శిబిరం. ట్రాండ్‌హైమ్ నుంచి వచ్చే రైలు ఆలస్యమై ఆ ఓడ తప్పినవాళ్లను 1943 ఫిబ్రవరిలో ‘గోటెన్‌లాండ్’ మీద పంపారు, 158 మంది. యూదేతర భార్య ఉన్న మగవాళ్లను మాత్రం ఓడెక్కించకుండా టోన్స్‌బెర్గ్ దగ్గర బెర్గ్ శిబిరంలో ఉంచారు. వాళ్లు 1945 మే దాకా బతికి బయటపడ్డారు. అక్కడ భర్తకూ ఓడకూ మధ్య ఉన్నది పెళ్లి కాగితం ఒక్కటే. మీ కథానాయిక తన పెళ్లి గురించి మథనపడుతున్నప్పుడు, ఆమె తరగతిలో ఒక బెంచీ ఖాళీ అయిందని ఒక్క మాట పెట్టినా సరిపోతుంది. దాన్ని సాగదీయకండి, అది వేరే నాటిక.

తీర్పుప్రతి

యుద్ధానంతరం సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

లండన్‌లో ఉన్న ప్రవాస ప్రభుత్వం 1944 డిసెంబరు 15న దేశద్రోహ శాసనం తెచ్చింది. 1940 ఏప్రిల్ తర్వాత ఎన్ఎస్ సభ్యత్వం ఉండడమే నేరం, చేతులతో ఏమీ చేయకపోయినా. 1945 మే తర్వాత 90,000కు పైగా కేసులు తెరిచారు, 46,000 మందికి పైగా ఏదో ఒక శిక్ష పడింది. 25 మంది నార్వేజియన్లకు మరణశిక్ష అమలైంది, క్విస్లింగ్‌కి 1945 అక్టోబరు 24న. మీ గుమస్తా లాంటివాళ్లకు ఎక్కువగా జరిమానా, కొన్నేళ్లపాటు పౌరహక్కుల నష్టం. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. కోర్టు బయటే కాగితం మీద సంతకం పెట్టి ఒప్పుకోవచ్చు, చాలామంది అలానే చేశారు. సరఫరా మండలిలో ఎవరికైనా కార్డు నిరాకరించినట్టు తేలితే జైలే.

‘ఉద్యోగం కోసమే చేరాను’ అన్నది ఆ కోర్టుల్లో ఎక్కువమంది చెప్పుకున్న మాట. నిజమో అబద్ధమో సభ్యత్వ తేదీ కొంత చెబుతుంది. 1940 సెప్టెంబరు 25న మిగతా పార్టీలన్నీ నిషేధించాక చేరినవాళ్లు వేరు, అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లు వేరు. మీ పాత్ర చేరిన తేదీ ఆ రోజు తర్వాతే అని సంభాషణలో ఎక్కడైనా దొర్లించండి.

భార్య సభ్యురాలు కాదు, కాబట్టి ఆమె మీద కేసు లేదు. ఇలాంటి ఇళ్లలో చాలామంది భార్యలు భర్తతోపాటే సంతకం పెట్టేశారు, పార్టీలో మూడోవంతు దాకా ఆడవాళ్లే. వాళ్లకూ జరిమానాలు పడ్డాయి. మీ కథానాయిక 1940లో సంతకం పెట్టనని ఎందుకు భీష్మించిందో ఒక కారణం కావాలి, అది ఇప్పుడు మీ దగ్గర లేదు. జరిమానా మాత్రం ఇంటి డబ్బులోంచే పోతుంది, నష్టపరిహారం కింద ఎన్ఎస్ సభ్యులందరి మీదా ఉమ్మడి బాధ్యత కూడా మోపారు. వీధి లెక్క మారదు. టీచరుగా ఆమె గౌరవం తిరిగొస్తుంది, ఇల్లాలిగా రాదు.

పోలిక కోసం ఒక్కటి. ఆక్రమణ కాలంలో జర్మన్లను పెళ్లాడిన నార్వే స్త్రీలకు 1945 ఆగస్టు 17 శాసనంతో పౌరసత్వం తీసేశారు, జర్మనీకి పంపేశారు. జర్మన్ స్త్రీలను పెళ్లాడిన మగవాళ్లు కొద్దిమందే, వాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి ప్రధాని ఎర్నా సోల్‌బెర్గ్ 2018 అక్టోబరులో ప్రభుత్వం తరఫున ఆ స్త్రీలకు క్షమాపణ చెప్పారు. మొగుడు చేసినదానికి పెళ్లాం, పెళ్లాం చేసినదానికి పెళ్లామే. మీ నాటికలో భర్త చేత ‘నా వల్ల నువ్వు...’ అనిపించే ఘట్టం ఉంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

తెరవెనుక

ఆమె 1940లో ఎందుకు సంతకం పెట్టలేదన్నది నిజంగానే నా దగ్గర లేదు. ఆలోచిస్తాను. చివరిగా ఒక చిన్న సందేహం: భర్త కోటుకి పార్టీ బ్యాడ్జి ఉండాలా? ఇంట్లోకి వచ్చాక తీస్తాడా?

ఉత్తరపుగాలి

ఉండాలి. ఎన్ఎస్ గుర్తు సూర్య శిలువ: వృత్తంలో శిలువ, ఎరుపు మీద బంగారు రంగు. ఆఫీసులో అది లేకుండా తిరిగితే పై అధికారి అడుగుతాడు, వీధిలో అది పెట్టుకుని తిరిగితే జనం మొహం తిప్పుకుంటారు. అందుకని మీ గుమస్తా ఆఫీసు గుమ్మం దగ్గర పెట్టుకుని, వీధి మొదట్లో తీసి జేబులో వేసుకుంటాడని రాయండి. ఇంటికొచ్చేసరికి కోటుకి రెండు చిన్న సూదిపోట్లే కనబడాలి. కోటు ఉతికేది, ఇస్త్రీ చేసేది ఆమె కదా, ఆ చిల్లుల సంగతి ఆమెకు తెలుసు. ఆఫీసు ఉత్తరం చదివే సన్నివేశం ఉంటే చివర్లో ‘హైల్ ఓగ్ సేల్’ అని ఉండాలి, అది వాళ్ల పలకరింపు. ‘హైల్ హిట్లర్’ అని రాయకండి, తెలిసినవాళ్లు నవ్వుతారు.

వాల్వుసెట్టు

దర్శకుడి కోపం చల్లారకపోతే ఒక ఉపాయం. రేడియో పెట్టెలో చిన్న బల్బు పెట్టి గాజుపలక వెలిగేలా చేయించండి, స్విచ్చి వేశాక మెల్లగా వెలగాలి, కట్టేశాక మెల్లగా ఆరాలి. మామూలు డిమ్మరు చాలు, వాల్వు సెట్టు అనిపిస్తుంది. లండన్ గొంతు ముందే రికార్డు చేసుకుని దానిమీద రొద కలపండి. ప్రేక్షకులకు మాట సగమే అర్థం కావాలి.

తెరవెనుక

డిమ్మరు మా లైటింగు కుర్రాడి దగ్గరే ఉంది. ఉత్తరం ఘట్టం రాయగానే ఇక్కడ పెడతాను, తేదీలు సరిచూడండి.